ఆట పది రోజులే... ఆ తర్వాత?

*ప్రపంచం ఆడటానికి వస్తుందని తెలిస్తే ఊరు ముస్తాబవుతుంది. రోడ్లు వెడల్పవుతాయి, స్టేడియాలు లేస్తాయి, భూములు చేతులు మారతాయి. ఆట ముగిశాక ఊరికి ఏం మిగులుతుంది? గచ్చిబౌలి, గోపన్‌పల్లి పరిసరాలు ఈ ప్రశ్నకు రెండు దశాబ్దాలుగా జవాబు చెబుతూనే ఉన్నాయి.*

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. రెంటిలో ఏ ఒక్కటి నెత్తికెత్తుకున్నా మనిషి నడుం వంగిపోతుంది. మరి ఓ నగరం పెద్ద క్రీడోత్సవానికి ఆతిథ్యం ఇవ్వాలంటే? ఆ రెండూ ఒకేసారి చేయాలి! స్టేడియం కట్టాలి, అతిథులకు విడిది చూడాలి, వంటలూ వడ్డనలూ చూసుకోవాలి, వీధులకు రంగులేయాలి, కరెంటు పోకుండా కాచుకోవాలి, దొంగలూ దుండగులూ రాకుండా కాపలా కాయాలి. ఇంత హడావుడీ పది రోజుల ముచ్చట కోసమే. పదకొండో రోజు పొద్దున పందిరి విప్పాక పెళ్లివారింట్లో మిగిలేవి అప్పుల చిట్టా, ఖాళీ గంగాళాలేనా? లేక నాలుగు కాలాలపాటు పనికొచ్చేది ఏదైనా ఉందా?

హైదరాబాద్ పడమటి దిక్కున ఈ ప్రశ్న వేసుకోవడానికి తగిన చోటు ఉంది. ఒకవైపు గచ్చిబౌలి స్టేడియం. దాని పక్కన ట్రిపుల్ ఐటీ, ఆ వెనక హైదరాబాద్ విశ్వవిద్యాలయం. విశ్వవిద్యాలయం దాటితే గోపన్‌పల్లి. విప్రో చౌరస్తా నుంచి నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు వెళ్లేవారికి ఇవాళ ఆ పేరు చెప్పగానే గుర్తొచ్చేవి అపార్ట్‌మెంట్లు, 2024 జులైలో తెరిచిన ఫ్లైఓవర్. కానీ ఆ ఊరి భూముల లెక్కలో ఆటలకూ ఓ పద్దు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆటలొచ్చాయి... స్టేడియం లేచింది

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడాది ట్రిపుల్ ఐటీ వచ్చింది. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తలుపులు తెరిచింది. రాళ్ల గుట్టల మధ్య కొత్త నగరం మొలకెత్తుతున్న ఆ రోజుల్లోనే ఉమ్మడి రాష్ట్రానికి 32వ జాతీయ క్రీడల అవకాశం దక్కింది. వాటికోసమే గచ్చిబౌలిలో అథ్లెటిక్ స్టేడియం, ఇండోర్ స్టేడియం, ఈత కొలనులు సిద్ధమయ్యాయి. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి పేరును అథ్లెటిక్ స్టేడియానికి పెట్టారు. ఆ డిసెంబరులో జాతీయ క్రీడలు జరిగాయి. పతకాల పట్టికలో ఆతిథ్య రాష్ట్రమే మొదటి స్థానంలో నిలిచింది.

ఏడాది తిరగకుండానే మరో పెళ్లి! ఆసియా, ఆఫ్రికా ఖండాల దేశాలన్నీ కలిసి ఆడాలన్నది ఏళ్లనాటి కల. మొదట 2001లో ఢిల్లీలో అనుకున్న ఆ క్రీడలు వాయిదా పడి, చివరికి హైదరాబాద్‌కు వచ్చాయి. 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 దాకా ఆఫ్రో ఆసియా క్రీడలు. 96 దేశాలు, సుమారు 2,000 మంది క్రీడాకారులు, 8 క్రీడాంశాలు. 25 స్వర్ణాలతో చైనా మొదటి స్థానంలో నిలిస్తే, 19 స్వర్ణాలు సహా 80 పతకాలతో భారత్ రెండో స్థానం దక్కించుకుంది.

సొంతగడ్డ మీద ఇద్దరు హైదరాబాదీలు అప్పుడే మెరిశారు. టెన్నిస్‌లో సానియా మీర్జా ఏకంగా నాలుగు స్వర్ణాలు గెలిచింది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అక్టోబరు 26న గగన్ నారంగ్ పసిడి పట్టాడు. ఫుట్‌బాల్ సెమీస్‌లో జింబాబ్వేను 5-3తో ఓడించిన మనవాళ్లు, ఫైనల్లో ఉజ్బెకిస్థాన్ చేతిలో 0-1తో ఓడి రజతంతో సరిపెట్టుకున్నారు.

ఆ క్రీడలు మళ్లీ ఎప్పుడు జరిగాయి? ఎప్పుడూ జరగలేదు! రెండోసారి 2007లో అల్జీరియాలో అనుకున్నారు, అది సాధ్యపడలేదు. అంటే మొదటివీ చివరివీ హైదరాబాద్‌లో జరిగినవే. పెళ్లి ఒక్కసారే అయినా, కట్టిన ఇల్లు మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

ఆట పేరుతో 400 ఎకరాలు

ఆ హడావుడిలోనే మరో పెద్ద ఆలోచన పుట్టింది. అంతర్జాతీయ పోటీలకు హైదరాబాద్‌ను శాశ్వత వేదికగా మార్చాలి, ప్రపంచస్థాయి అకాడమీలు రావాలి అని. 2003 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం ఐఎంజీ అకాడమీస్ భారత అనే సంస్థతో ఒప్పందం చేసుకుంది. మొత్తం 850 ఎకరాలు. అందులో 400 ఎకరాలు విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో, మిగతా 450 ఎకరాలు శంషాబాద్ దగ్గరి మామిడిపల్లిలో. కంచ అంటే పశువుల మేతకు వదిలిన బీడు. అక్కడి రాళ్ల మధ్య జింకలూ నెమళ్లూ తిరుగుతుంటాయి. మష్రూమ్ రాక్ అని విద్యార్థులు ముద్దుగా పిలుచుకునే పుట్టగొడుగు ఆకారపు బండ ఉన్నదీ ఆ ప్రాంతంలోనే.

గోపన్‌పల్లి పేరు రికార్డుల్లోకి వచ్చింది ఇక్కడే. విశ్వవిద్యాలయం తన వైపు నుంచి 534 ఎకరాల 28 గుంటలు అప్పగిస్తే, ప్రభుత్వం బదులుగా గోపన్‌పల్లిలోని 36, 37 సర్వే నంబర్లలో 397 ఎకరాల 16 గుంటలు ఇచ్చింది. 2004 ఫిబ్రవరి 3న ఈ మార్పిడి జరిగినట్టు ప్రభుత్వ సంస్థ టీజీఐఐసీ చెబుతోంది. ఆటల కోసం గచ్చిబౌలిలో భూమి కదిలితే, ఆ లెక్క సరిచేయడానికి గోపన్‌పల్లిలో మరో భూమి కదిలిందన్నమాట.

మరి అకాడమీలు వచ్చాయా? ఆ 400 ఎకరాల్లో ఒక్క మైదానమూ రాలేదు. 2006 నవంబరులో తర్వాతి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. 2007లో చట్టమూ తెచ్చింది. సంస్థ కోర్టుకెక్కింది. 2024 మార్చిలో హైకోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది. మే నెలలో సుప్రీంకోర్టులోనూ సంస్థకు చుక్కెదురైంది. ఈ రెండు దశాబ్దాల్లో కంచలో చెట్లు మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా పెరిగాయి.

2025 మార్చి చివర్లో అక్కడికి బుల్డోజర్లు వచ్చాయి. ఈసారి ఆటల కోసం కాదు, ఐటీ పార్కుల కోసం. విద్యార్థులు అడ్డుపడ్డారు. దేశమంతా చర్చ మొదలైంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా జోక్యం చేసుకుని పనులు ఆపించింది. అప్పటికే వంద ఎకరాల దాకా చెట్లు నేలకూలినట్టు కోర్టు ముందుకు నివేదిక వచ్చింది. ఇంత గొడవలో చాలామంది మరిచిపోయిన సంగతి ఒకటే. ఈ కథ 2003లో ఒక ఆటస్థలం పేరుతో మొదలైంది.

భయం నీడలో స్వాగతం

ఆతిథ్యం అంటే భవనాలొక్కటే కాదు, భరోసా కూడా. 2007 అక్టోబరు 14 నుంచి 21 వరకూ ప్రపంచ సైనిక క్రీడలు హైదరాబాద్‌లో జరిగాయి. తెరచాప పడవల పోటీలు మాత్రం సముద్రం ఉన్న ముంబయిలో పెట్టారు. వందకు పైగా దేశాల సైనికులు తుపాకులు పక్కనపెట్టి ఆడటానికి వచ్చారు. సరిగ్గా ఆ ఏడాదే మే నెలలో మక్కా మసీదులో, ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లలో బాంబులు పేలాయి. ఊరు ఇంకా కన్నీళ్లు తుడుచుకుంటుండగానే అతిథులకు స్వాగతం చెప్పాల్సి వచ్చింది. అయినా క్రీడలు సజావుగా ముగిశాయి.

2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్‌కు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం వేదికైంది. దాడులు జరగొచ్చన్న భయంతో ఇంగ్లండ్ జట్టు ఆడకుండానే వెనక్కి వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఆడారు. చైనా దిగ్గజం లిన్ డాన్ మరోసారి ప్రపంచ విజేత అయ్యాడు. మన సైనా నెహ్వాల్ క్వార్టర్ ఫైనల్ చేరింది.

మంచం, మందు, ప్రాణం

స్టేడియం పక్కనే ఆటగాళ్ల విడిది కోసం కట్టిన బహుళ అంతస్తుల భవనం ఉంది. దాని కథ ఎవరూ ఊహించని మలుపు తిరిగింది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆస్పత్రులు చాలవని ప్రభుత్వం హడావుడిగా చోటు వెతికింది. ఆ భవనం కళ్లబడింది. ఏప్రిల్‌లో యుద్ధప్రాతిపదికన పనులు చేసి, 1,500 పడకల ఆస్పత్రిగా మార్చారు. తెలంగాణ వైద్య విజ్ఞాన సంస్థ, అదే టిమ్స్, అలా పుట్టింది. క్రీడాకారులు నిద్రపోవాల్సిన గదుల్లో రోగులు ఊపిరి కోసం పోరాడారు. ఆటల కోసం కట్టింది ఆపదలో అక్కరకొచ్చింది.

అయితే దీన్ని అదృష్టం అనాలే తప్ప ముందుచూపు అనలేం. 2004 ఒలింపిక్స్ కోసం ఏథెన్స్‌లో కట్టిన చాలా స్టేడియాల్లో తర్వాత పిచ్చిమొక్కలు మొలిచాయి. అదే లండన్‌లో 2012 క్రీడాగ్రామం జనం కాపురముండే ఇళ్లయింది. తేడా ఎక్కడుంది? ఆట ముగిశాక ఎవరికి ఇవ్వాలో లండన్ ముందే ఆలోచించి పెట్టుకుంది.

కెనడాలో ఏటా ఓ ఊరి పండగ

ఆతిథ్యాన్ని ఇల్లు కట్టే పనిగా కాకుండా, ఏటా వచ్చే జాతరలా జరుపుకొనే దేశం ఒకటుంది... కెనడా. పిల్లలు అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గ్రే కప్ పేరు తెలిసే ఉంటుంది. అది కెనడా ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్. మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అమెరికా ఫుట్‌బాల్‌కు దగ్గరి చుట్టం. అమెరికాలో జట్టుకు 11 మందైతే కెనడాలో 12. మైదానమూ పదిగజాలు ఎక్కువే, 110 గజాలు.

అప్పటి గవర్నర్ జనరల్ గ్రే ప్రభువు ఇచ్చిన కప్పు కోసం 1909లో మొదలైన పోటీ ఇది. ఫైనల్ ఏటా ఒకే ఊళ్లో జరగదు. ఒక్కో ఏడాది ఒక్కో నగరం వంతు. 1948లో ఫైనల్ టొరంటోలో జరిగింది. కాల్గరీ అభిమానులు గుర్రాలతో సహా రైలెక్కి వచ్చేశారు! నగర సభా భవనం ముందు పెనాలు పెట్టి, మన అట్లలాంటి పాన్‌కేకులు వేసి దారిన పోయేవాళ్లందరికీ పంచారు. కప్పూ వాళ్లే పట్టుకుపోయారు. అప్పట్నుంచీ ఫైనల్ వారమంతా ఆ ఊళ్లో పండగే.

2025 నవంబరులో ఆ వంతు విన్నిపెగ్‌ది. మ్యాచ్ జరిగిన స్టేడియం మానిటోబా విశ్వవిద్యాలయం ప్రాంగణంలోనే ఉంది. 2013లో తెరిచిన ఆ మైదానంలో నగర జట్టు ఆడుతుంది, విశ్వవిద్యాలయ విద్యార్థుల జట్టూ ఆడుతుంది. అంటే ఫైనల్ అక్కడి మైదానానికి ఒక రోజు పండగ మాత్రమే. రోజువారీ తిండి వేరే ఉంది! పైగా ఆ నగర జట్టు ఏ ఒక్క వ్యాపారి సొత్తూ కాదు, లాభాపేక్ష లేకుండా ఊరి ఉమ్మడి ఆస్తిగా నడుస్తుంది. యజమానికి గిట్టుబాటు కాలేదని రాత్రికి రాత్రి మరో ఊరికి తరలిపోయే భయం లేదు.

జట్టు వెళ్లిపోయింది... జ్ఞాపకం మిగిలింది

ఆ భయం ఎలాంటిదో హైదరాబాద్ అభిమానులకు బాగా తెలుసు. నిజానికి మన ఊరు ఒకప్పుడు దేశానికే ఫుట్‌బాల్ నేర్పింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది. ఆయనకు మేటి స్టేడియాలేమీ లేవు. ఉన్నది మైదానం, క్రమశిక్షణ, పొద్దున్నే వచ్చే కుర్రాళ్లు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినప్పుడు ఆ రోజులు తిరిగొస్తాయని ఆశపడ్డారు. గచ్చిబౌలి స్టేడియం దాని సొంతిల్లు. నవంబరు 2న సొంతగడ్డ మీద తొలి మ్యాచ్‌లో కేరళ జట్టును 2-1తో ఓడించింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ విజేత కూడా అయింది. కానీ తర్వాత కష్టాలు చుట్టుముట్టాయి. యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడా మార్చుకుంది. స్టేడియం ఇక్కడే ఉంది, దాన్ని సొంతిల్లు అనుకునే జట్టు లేదు.

అతిథులు మాత్రం వస్తూనే ఉన్నారు. 2024 సెప్టెంబరులో ఇంటర్ కాంటినెంటల్ కప్ గచ్చిబౌలిలోనే జరిగింది. భారత్‌ను 3-0తో ఓడించిన సిరియా కప్పు గెలిచింది. అదే ఏడాది డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్. బెంగాల్, కేరళ ఢీ అంటే ఢీ అన్నాయి. అదనపు సమయం ముగిసిపోతుండగా రాబి హన్స్‌దా కొట్టిన గోల్‌తో బెంగాల్ 33వసారి విజేత అయింది. ఒకనాడు ఇదే ట్రోఫీని వరసగా రెండేళ్లు గెలిచిన ఊరు ఈసారి ఆతిథ్యం ఇచ్చి పంపింది.

ఐదెకరాలు చేసిన పని

ఇంతకీ ఈ రెండు దశాబ్దాల్లో గచ్చిబౌలికి అన్నిటికన్నా ఎక్కువ పేరు తెచ్చిందేమిటి? వందల ఎకరాల ప్రణాళిక కాదు. ఐదెకరాల్లోని బ్యాడ్మింటన్ అకాడమీ! 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కు 2003లో ప్రభుత్వం ఆ స్థలాన్ని లీజుకిచ్చింది. డబ్బు చాలక ఆయన ఇల్లు తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్ల రూపాయల విరాళం ఇచ్చారు. 2008లో అకాడమీ మొదలైంది. తెల్లవారకముందే లైట్లు వెలిగే ఆ కోర్టుల్లో సైనా తర్ఫీదు పొందింది, 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది. చిన్న వయసులో శిక్షణ కోసం రోజూ 56 కిలోమీటర్లు ప్రయాణించిన పీవీ సింధు 2016 రియోలో రజతం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించింది. 2019లో ప్రపంచ విజేత అయింది.

పక్కపక్కనే రెండు లెక్కలు. ఒకటి 400 ఎకరాలు, అందులో ఒక్క ఆటా లేదు. మరొకటి ఐదెకరాలు, అందులోంచి ఒలింపిక్ పతకాలు. తేడా విస్తీర్ణంలో లేదు. తెల్లవారుజామున తాళం తీసే మనిషి ఉన్నాడా లేడా అన్నదాంట్లో ఉంది.

మళ్లీ పిలుపొస్తే...

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు దక్కాయి. 2036 ఒలింపిక్స్‌కు ఆతిథ్యమిస్తామని భారత ఒలింపిక్ సంఘం 2024 అక్టోబరులోనే లేఖ ఇచ్చింది. అవి వస్తే కొన్ని పోటీలు హైదరాబాద్‌లోనూ పెట్టాలని తెలంగాణ ప్రభుత్వం కేంద్రాన్ని కోరింది. అంటే గచ్చిబౌలికి మళ్లీ రంగులేసే రోజు రావచ్చు. వస్తే సంతోషమే. అయితే పందిరి గుంజ పాతకముందే ఇంటిపెద్దలు కూర్చుని నాలుగు మాటలు అనుకోవాలి.

కొత్తది కట్టేముందు ఉన్నదాన్ని బాగుచేసుకోగలమా? ఆట పేరుతో తీసుకున్న భూమిలో ఆట మొదలుకాకపోతే ఎన్నేళ్లకు తిరిగివ్వాలి? క్రీడాగ్రామంలో ఆ తర్వాత ఎవరు ఉంటారు? అన్నిటికన్నా ముఖ్యంగా, చుట్టుపక్కల పిల్లలకు ఆ గేటు ఏ వేళల్లో తెరుస్తారు, ఎంత రుసుం తీసుకుంటారు?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు ప్రశ్న అదే. గోపన్‌పల్లి, నల్లగండ్ల, నానక్‌రాంగూడల్లో వేలాది కుటుంబాలు ఇరవై, ముప్ఫై అంతస్తుల మీద కాపురముంటున్నాయి. బాల్కనీలోంచి చూస్తే క్రేన్లు కనిపిస్తాయి, బంతి తన్నుకోవడానికి చదునైన నేల మాత్రం అరుదు. సెల్లార్‌లో కార్ల మధ్య క్రికెట్ ఆడే పిల్లాడికి ఆఫ్రో ఆసియా క్రీడల పతకాల పట్టికతో పనిలేదు. బడి వదిలాక, చీకటి పడేలోగా గంటసేపు పరిగెత్తడానికి చోటు కావాలి. వాడికి ఆ గంట ఇవ్వగలిగితే, తొంభై ఆరు దేశాలను పిలిచి చేసిన పెళ్లి ఖర్చు ఇన్నేళ్లకైనా గిట్టుబాటైనట్టే!